రెండు బొంతలు

డిసెంబరులో మా పాప బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. "నాన్నా, ఇక్కడ చలి చంపేస్తాంది. వచ్చేటప్పుడు ఒక క్విల్ట్ పట్టుకురా." సరేనన్నాను. పాప ఏదన్నా చెబితే, అర్థం కాకపోయినా అవుననేయడం నాకు అలవాటు.

సాయంత్రం గోవిందరాజస్వామి గుడి వీధిలో మొదట కనబడిన అంగట్లో, "క్విల్ట్ ఉందా?" అని అడిగాను. ఆయన గంభీరంగా తలూపి నాలుగు గాజులు, ఒక కాసులపేరు తీసి బల్ల మీద పెట్టాడు. "చెమట తగిలినా నలుపెక్కదు సార్." నేనడిగింది క్విల్ట్, ఆయనకు వినబడింది గిల్టు. ఆయన తప్పేం లేదు. ఆ వీధిలో గిల్టు అడిగేవాళ్లే గానీ క్విల్ట్ అడిగిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. "నగ కాదప్పా, కప్పుకునేది" అన్నాను. పక్క అంగడికి చెయ్యి చూపించాడు. అక్కడ జరీ శాలువా పరిచి, "సన్మానం ఎవరికి సార్?" అన్నారు.

ఇంటికొచ్చి ఫోన్లో నిఘంటువు తీశాను. లాటిన్లో పరుపును కుల్కిట అనేవాళ్లంట. అది ఫ్రెంచివాళ్ల నోట్లో నలిగి, ఇంగ్లీషులోకి వచ్చేసరికి క్విల్ట్ అయింది. పైనొక గుడ్డ, కిందొక గుడ్డ, మధ్యలో దూదో ఉన్నో, మూడూ కదలకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా కుట్లు. ఆ కుట్లే లేకపోతే దూదంతా ఒక మూలకు జారి, కాళ్ల దగ్గర దిండు, గుండెల మీద ఉత్త గుడ్డ మిగులుతాయి.

మా ఆవిడ నా భుజం మీదుగా తొంగి చూసి, "ఓస్, బొంతే కదండీ!" అంది.

ఆమెది రావులపాలెం దగ్గర ఊరు. వాళ్లమ్మ కుట్టిన బొంత నాకు బాగా తెలుసు. దాంట్లో దూది ఉండదు. మెత్తబడిన పాత నేతచీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచులు లోపలికి మడిచి, వేలెడంత కుట్లతో వరసలు వరసలుగా కుట్టిందామె. ఒక మూల చీర చాలక మా మామగారి పంచె ముక్క అతికింది. ఆ మూల ఎప్పుడూ కాళ్లవైపే ఉంచాలని కట్టడి. సన్న్యాసులు వేసుకునే ఇలాంటి అతుకుల గుడ్డనే సంస్కృతంలో కంథ అంటారు. బెంగాలీలు ఆ పేరుతోనే పాత చీరల మీద పూలూ చేపలూ కుట్టి పేరు తెచ్చుకున్నారు. మన పత్రికలవాళ్లేమో నాలుగు పార్టీలు కలిస్తే చాలు, అతుకుల బొంత అని రాస్తారు. నాకిది నచ్చదు. మా అత్తగారి బొంత ఇరవై ఏళ్లయినా ఒక్క అతుకూ ఊడలేదు.

మా బామ్మర్ది దర్శనానికి వచ్చేవాడుండాడు. వెంటనే ఫోన్ చేశాను. అతనప్పుడు అరటి మార్కెట్లో ఉన్నాడు. ఈ సంగతి నేను అప్పుడే పట్టించుకోవాల్సింది.

"పాపకు బొంత కావాలంటప్పా. వచ్చేటప్పుడు తెస్తావా?"

"భలేవోరే బావగారూ! మనింట్లో బొంతకి కరువేటండి?"

"అమ్మమ్మ చేతిదే కావాలంట."

"అన్నీ అమ్మ చేతివేనండి."

"బాగా మెత్తగా ఉండేది చూడు."

"మెత్తదైతే ఎందుకండీ పనికొచ్చేది? గట్టిదే తెత్తానండి."

కొత్తదేమో, వాడేకొద్దీ మెత్తబడుతుందిలే అనుకున్నాను. "సరే, ఆడ చలి ఎక్కువగా ఉందంట" అన్నాను.

"తెలుసండి. చలిలో దానంత హాయి ఇంకోటి లేదండి. ఎన్ని తెమ్మంటారు?"

"రెండు చాలు."

"అంతేనాండి?" అతని గొంతులో నిరుత్సాహం వినబడింది. ఎంత మంచి మనిషి, అనుకున్నాను.

రాజమండ్రిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారుజామున తిరుపతిలో దిగాడు. దిగి, ఒక పెద్ద మూటను పసిబిడ్డను దించినట్టు రెండు చేతులా దించాడు. తాడు విప్పితే లోపల రెండు అరటి గెలలు. పచ్చగా, లావుగా, పలకలు తేలిన కాయలు.

"ఇదేందప్పా?"

"బొంతండి! కూరకీ బజ్జీకీ దీన్ని మించింది లేదండి."

మేం కూర అరటికాయ అనేదాన్ని వాళ్లు బొంత అంటారని నాకు ఆ ప్లాట్‌ఫాం మీద తెలిసింది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ తేడాలు తరగవు. మేం చీపు అంటే వాళ్లు అత్తం అంటారు. నా మొహం చూసి అతనికి టెన్షన్ పట్టుకుంది.

"పాప అడిగింది కప్పుకునే బొంతప్పా."

అతను నోరు తెరిచి, గెలల కింద ఉన్న గుడ్డ వైపు చూశాడు. నేనూ చూశాను. ఒక మూల పంచె ముక్క.

"దారిలో కాయలకి దెబ్బ తగలకూడదని... ఇంట్లో మెత్తగా ఇదొక్కటే కనబడిందండి."

అరటి జిగురు సంగతి తెలిసిందే, గుడ్డకు అంటితే సబ్బుకూ లొంగదు, నిమ్మకాయకూ లొంగదు. మా ఆవిడ రెండుసార్లు నానబెట్టి ఉతికింది. ఉతికేకొద్దీ మరకలు ఇంకా ముదురు గోధుమరంగుకు తిరిగాయి. ఉతికినంతసేపూ తమ్ముణ్ణి ఒక్క మాటా అనలేదు, అన్నీ నన్నే అంది. ఆ వారం మా వీధిలో అరటికాయ బజ్జీ తినని ఇల్లు లేదు.

ఆదివారం బొంతను బెంగళూరు చేర్చాను. రాత్రి పాప ఫోన్ చేసింది.

"నాన్నా, క్విల్ట్ సూపర్! మా ఫ్రెండ్స్ అందరూ ఆ బ్రౌన్ డిజైన్ గురించే అడుగుతాండారు. అమ్మమ్మే వేసిందా?"

అవునన్నాను.