మూకీలను కాపాడింది కాగితమే

1894 జనవరిలో న్యూజెర్సీలోని ఎడిసన్ ప్రయోగశాల ఉద్యోగి ఫ్రెడ్ ఆట్ ముక్కుపొడి పీల్చి కెమెరా ముందు తుమ్మాడు. అంతా కలిపి అయిదు సెకన్ల వ్యవహారం. మనవాళ్లైతే ఒంటి తుమ్ము అని కాసేపు ఆగేవారు, సినిమా మాత్రం ఆగకుండా బయలుదేరింది. ఆ తుమ్మును ఇవాళ మనం చూడగలుగుతున్నది ఫిల్ము దక్కినందువల్ల కాదు. దాన్ని చిత్రించిన డిక్సన్ 45 బొమ్మలను వరుసగా కాగితం మీద ముద్రించి, కాపీరైట్ కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు పంపాడు. దక్కింది ఆ కాగితం.

అప్పటి అమెరికా చట్టానికి ఫొటో అంటే తెలుసు, సినిమా అంటే తెలియదు. అందుకని నిర్మాతలు సినిమా మొత్తాన్నీ ఫిల్ము వెడల్పున్న ఫొటో కాగితం చుట్టల మీద అచ్చు వేయించి, ఇవి ఫొటోలేనని నమోదు చేయించుకునేవారు. 1912లో చట్టం సినిమాను గుర్తించాక ఆ అవసరం తీరింది, చుట్టలు మూలన పడ్డాయి. ఈలోగా అసలు ఫిల్ములు పోతూ వచ్చాయి. ఆనాటి ఫిల్ము నైట్రేట్ అనే ఇట్టే మండే పదార్థంతో చేసింది, అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. అంటుకోకపోయినా జిగటగా మారి, చివరికి పొడి అయిపోతుంది. అందులోని వెండి కోసం కరిగించినవి సరేసరి. 1950లలో కెంప్ నైవర్ అనే ఆయన ఆ కాగితం చుట్టలను బయటికి తీసి, బొమ్మ తర్వాత బొమ్మగా మళ్లీ ఫిల్ము మీదికి ఎక్కించాడు. ఆ పనికి ఆస్కార్ సంస్థ ఆయనకు గౌరవ పురస్కారం ఇచ్చింది. మొత్తం మీద అలా బతికిన సినిమాలు దాదాపు 3,000. వాటిని కాపాడింది సినిమా మీద ప్రేమ కాదు, గుమాస్తాగిరి. దరఖాస్తుకు జతపరచిన కాగితాన్ని పారేయకుండా దాచిన ఆఫీసు అలవాటు.

ఆ అలవాటు లేనిచోట ఏమైందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. మన దేశంలో తీసిన మూకీలు 1,300కు పైమాటే. వాటిలో తునకలతో సహా మిగిలినవి సుమారు ముప్పై. సినిమాలను భద్రపరచడానికి పూణెలో ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో, అంటే మూకీల కాలం ముగిసిన మూడు దశాబ్దాలకు. అక్కడికి చేరిన నైట్రేట్ రీళ్లలో కూడా చాలా భాగం 2003 జనవరిలో మంటలపాలైంది.

సినిమా పోయినప్పుడు చరిత్రకారుడికి దొరికేది స్టిల్ ఫొటో. అయితే స్టిల్ అంటే సినిమాలోంచి తీసిన ముక్క కాదు. షాట్ అయ్యాక నటులను కదలకుండా నిలబెట్టి, స్టాండు మీద పెద్ద కెమెరాతో వేరే మనిషి విడిగా తీసిన బొమ్మ అది. కోణం వేరు, ఒక్కోసారి వెలుతురూ వేరు, హావభావాలైతే పోస్టరుకు పనికొచ్చేలా పెంచి పెట్టినవి. ఎడిటింగులో తీసేసిన సన్నివేశాల స్టిల్స్ కూడా పంపిణీ అయ్యేవి. పైగా ఆనాటి ఫిల్ముకు ఎరుపు కనపడదు, నీలం తెల్లగా పడుతుంది. నాయిక పెదవులు నల్లగా ఉంటే అది మేకప్ మోటుతనం కాకపోవచ్చు. ఆకాశం సున్నం కొట్టినట్టుంటే మబ్బు పట్టిన రోజనీ కాదు. అందుకే స్టిల్స్‌ను చూసి ‘మూకీల్లో నటన అంతా అతి’ అని తీర్పు చెప్పేవారిని నేను నమ్మను. వారు చూస్తున్నది నటనను కాదు, ప్రకటనను.

అలాగని వాటిని కొట్టిపారేయలేం. హాలీవుడ్ దర్శకుడు స్ట్రోహైమ్ తీసిన ‘గ్రీడ్’ మొదట ఎనిమిది గంటల పైచిలుకు. స్టూడియో దాన్ని కోసి 1924లో రెండు గంటల సినిమాగా వదిలింది. 1999లో వందలాది స్టిల్స్‌ను చేర్చి నాలుగు గంటల రూపం తయారు చేశారు. చచ్చిన భాగాలు లేచి నడవలేదు గానీ, దర్శకుడు ఏం తలపెట్టాడో తెలిసింది.

ఇక మన సంగతి. రఘుపతి వెంకయ్య మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్లి ఫొటో స్టూడియో నడిపిన మనిషి. అక్కడి నుంచే సినిమాల్లోకి దిగాడు, హాలు కట్టాడు. కుమారుడు ప్రకాశ్ తొలి తెలుగు మూకీగా చెప్పుకునే ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. ఆ సినిమా 1921దని కొందరు రాస్తారు, 1922దని మరికొందరు. వెంకయ్య పుట్టిన సంవత్సరం ఒకచోట 1869, ఇంకోచోట 1887. ఆయన పేరు మీద అవార్డు ఇవ్వడం మరిచిపోలేదు గానీ, పద్దెనిమిదేళ్ల తేడాను తేల్చాలన్న తొందర ఎవరికీ ఉన్నట్టు లేదు.

హైదరాబాద్‌దీ అదే కథ. బెంగాలీ ధీరేన్ గంగూలీ 1920లలో ఇక్కడికి వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. తన హాల్లో ‘రజియా బేగం’ అనే బొంబాయి చిత్రాన్ని ఆడించి, నిజాం ఆగ్రహానికి గురై నగరం వదిలాడు. ఇక్కడ తీసిన సినిమాలేవీ ఇప్పుడు చూసే వీల్లేదు. దానికి ముందే రకరకాల వేషాల్లో తన ఫొటోలు తానే దిగి అచ్చు వేయించిన పుస్తకం మాత్రం నిలిచింది. నటుడిగా ఆయన అప్పటి నేర్పును దాన్నిబట్టి అంచనా కట్టవచ్చు.

పుస్తకం అచ్చయితే నిర్ణీత గ్రంథాలయాలకు ప్రతులు పంపాలని 1954 నుంచి మనకు చట్టం ఉంది. సినిమాకు అలాంటిది ఇప్పటికీ లేదు. తెచ్చినా పాత నష్టం పూడదు. రీళ్లు దొరుకుతాయన్న ఆశ నాకు పెద్దగా లేదు. కాగితం మీద ఉంది. నాటకాల వాళ్ల ఇళ్లలో, మూతపడ్డ ఫొటో స్టూడియోల గాజు పలకల్లో, హాలు యజమానుల పాత పద్దుల్లో, కరపత్రాల్లో వెతకాలి. రెండు రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాల సినిమా విభాగాలు చేయదగిన పనే ఇది. అలాంటి ఫొటో ఎవరికైనా దొరికితే లామినేషన్ చేయించకండి, జిగురుతో ఆల్బంలో అతికించకండి. వెనకవైపు స్టూడియో ముద్ర, పెన్సిలు అంకె ఉంటే ఆ వైపును కూడా ఫొటో తీయండి. ఏ సినిమాదో, ఏ ఏటిదో తేల్చడానికి ముందువైపు కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.