విదేశాలకెళ్ళే లావుపాటి ఆడవాళ్ళకి ఆరు సూత్రాలట!

కొంతకాలంగా మన వైపు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. పేరు "విదేశాలకు వెళ్ళే లావుపాటి మహిళలకు ఆరు సూత్రాలు". రాసిందెవరో తెలీదు, పంపేవాళ్ళు మాత్రం కోకొల్లలు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఒకటి, ముదురు రంగులే వేసుకోవాలి, అడ్డచారలు అసలు పనికిరావు. రెండు, బట్టలు ఎంత వదులైతే లావు అంత దాగుతుంది. మూడు, అమెరికాలో, లండన్‌లో ఏ షాపుకెళ్ళినా అన్ని సైజులూ ఉంటాయి, ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళక్కర్లేదు. నాలుగు, ఇక్కడ త్రిబుల్ ఎక్సెల్ అయితే అక్కడా అదే. ఐదు, ఏ దేశంలోనైనా కాటన్‌ని మించింది లేదు. ఆరు, ఎలాగూ ఒళ్ళు తగ్గించుకోవాలి కాబట్టి అప్పటిదాకా మంచి బట్టలు కొనొద్దు, రెండు నైటీలు, రెండు లెగ్గింగులతో సరిపెట్టుకోండి.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఆడవాళ్ళ బట్టలు కుడతాను. కూతురి పురుటికని ఆరు నెలలు డల్లాస్ వెళ్ళే అమ్మలు, చదువుకని మెల్‌బోర్న్ వెళ్ళే పిల్లలు, అక్కడే స్థిరపడి సంక్రాంతికి వచ్చి వారంలో అన్నీ కుట్టివ్వమనే అక్కయ్యలు చాలామందే వస్తుంటారు. నా ఛాతీ కొలత కూడా 48 అంగుళాలు, కాబట్టి ఇది పక్కింటి సంగతి కాదు. ఈమధ్య కొలతలివ్వడానికి వచ్చి "బాగా లూజుగా కుట్టండమ్మా, మెసేజ్‌లో అలాగే రాశారు" అంటున్నారు. అందుకే ఈ జవాబు.

మొదటి సూత్రంలో సగం తప్పు, సగం పాక్షికంగా నిజం. అడ్డచారలు లావు చూపిస్తాయన్నది తప్పు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 1860ల్లోనే ఒక సంగతి రాశాడు. సమానమైన రెండు చదరాల్లో ఒకదాన్ని అడ్డగీతలతో, ఇంకొకదాన్ని నిలువుగీతలతో నింపితే అడ్డగీతలదే సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో యార్క్ యూనివర్సిటీకి చెందిన పీటర్ థాంప్సన్ దీన్నే ఆడవాళ్ళ బట్టల మీద పరీక్షించి 2008లో చెప్పాడు, 2011లో పత్రికలో ప్రచురించాడు. అక్కడా అడ్డచారలు లావుగా చూపించలేదు. నలుపు విషయంలో కొంత నిజముంది, నల్లది పక్కనున్న తెల్లదానికన్నా కాస్త చిన్నగా కనిపిస్తుంది. అయితే ఆ కాస్తతో ఏమొస్తుంది? జీవితమంతా చిలకపచ్చా మామిడిపండు రంగూ కట్టినావిణ్ణి విమానం ఎక్కగానే నల్లటి గోనెసంచిలోకి దిగమంటే ఆవిడ అక్కడ ఫొటోలకి కూడా నిలబడదు.

అసలు గొడవంతా రెండో సూత్రంలోనే ఉంది. దాని మీద కాస్త ఎక్కువే మాట్లాడతాను.

కంపెనీలు కుర్తీ సైజు పెంచుతున్నప్పుడు ఒంటితోపాటు భుజాన్నీ, మెడనీ, చంకనీ కూడా పెంచుకుంటూ పోతాయి. మన ఒళ్ళు అలా పెరగదు. పొట్టా, సీటూ, పైచెయ్యీ పెరిగినంతగా భుజం ఎముక పెరగదు కదా. దాంతో పొట్ట దగ్గర సరిపోవాలని రెండు సైజులు పెద్దది తీసుకున్నావిడకి భుజం కుట్టు చేతిమీదికి జారుతుంది, మెడ తెరుచుకుంటుంది, చంక కిందికి దిగుతుంది. చంక దిగితే చెయ్యెత్తినప్పుడల్లా కుర్తీ మొత్తం పైకి లేస్తుంది. వంటింట్లో పై అరలోంచి డబ్బా తీసినా, మెట్రోలో కమ్మీ పట్టుకున్నా అదే పని. చంక ఒంటికి దగ్గరగా, పైకి ఉంటేనే చెయ్యి స్వేచ్ఛగా కదులుతుంది. చాలామందికి నమ్మబుద్ధి కాదు, ఒకసారి వేసుకుని చూశాక మాత్రం పాతది కుట్టమని అడగరు.

ఇక ఛాతీ. డాట్, అంటే ఒంటి ఒంపుకి తగ్గట్టు బట్టని మడిచి వేసే కుట్టు, లేకుండా తిన్నగా కుట్టిన కుర్తీ నిండు ఛాతీ మీంచి గుడారంలా దిగి, ముందు అంచు పైకి లేచి, వెనకంచు కిందికి వేలాడుతుంది. బట్ట ఛాతీ మీదుగా ఎక్కి దిగాలంటే కొంత పొడవు తినేస్తుంది, అందుకని నేను ముందు భాగం ఓ అంగుళం, ఒక్కోసారి అంగుళంన్నర ఎక్కువ పెడతాను. పక్క డాట్ గానీ ప్రిన్సెస్ కట్ (ఛాతీ మీదుగా కిందికి దిగే నిలువు కుట్టు) గానీ తప్పనిసరి. ఇవి ఉంటే ఛాతీ దగ్గర మూడంగుళాలు, సీటు దగ్గర నాలుగు వదులిస్తే హాయిగా ఊపిరాడుతుంది. ఆపైన ఇచ్చే ప్రతి అంగుళం వేసుకున్నామెని పెద్దగా చూపించడానికే పనికొస్తుంది.

స్లిట్టు మాటెవరూ ఎత్తరు. ఒంట్లో ఎక్కువ వెడల్పున్న చోటు మనలో చాలామందికి సీటు కాదు, దానికి కాస్త పైన పొట్ట. స్లిట్టు ఆ వెడల్పుకి కింద మొదలైతే కూర్చున్నప్పుడు కుర్తీ బిగుసుకుని పొట్ట దగ్గర ముడతలు పడుతుంది. దానికి తగ్గట్టు పైకి తెరవాలి, లేదా కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే ఏ-లైన్ కుట్టి స్లిట్టే మానెయ్యాలి. కొలతలు కూడా నిలబడే కాదు, కూర్చునీ తీసుకోవాలి. కూర్చుంటే పొట్ట చుట్టుకొలత కొన్ని అంగుళాలు పెరుగుతుంది. విదేశాల్లో కారులోనో ఆఫీసు కుర్చీలోనో గడిపే మనిషికి నిలబడ్డ కొలతతో కుడితే ఏం లాభం?

బట్ట కొనేటప్పుడు పన్నా, అంటే బట్ట వెడల్పు, దాంతోపాటు పొడవూ చూసుకోండి. డ్రెస్ పీసుల్లో టాపు ముక్క సాధారణంగా రెండున్నర మీటర్లుంటుంది, 54 అంగుళాల సీటుకి, పొడవు చేతులకి అది చాలదు. చాలనప్పుడు టైలరు చేతులు కుదిస్తాడు, ఏ-లైన్ తగ్గిస్తాడు, మీకు చెప్పడు. వన్‌టౌన్ వస్త్రలతలోనో, మంగళగిరిలో నేతవాళ్ళ దగ్గరో థానులోంచి మూడు, మూడున్నర మీటర్లు కోయించుకోండి. పిసినారితనం ఇక్కడ పనికిరాదు.

మూడో సూత్రం, నాలుగో సూత్రం కలిపే చెప్పుకోవాలి.

అమెరికాలో పెద్ద సైజులు దొరుకుతాయన్నది నిజమే. అక్కడ దానికో చరిత్రుంది. లేన్ బ్రయంట్ అన్న దుకాణాల సంస్థని మొదలుపెట్టింది లీనా బ్రయంట్ అనే కుట్టుపనామె. లిథువేనియా నుంచి వలసొచ్చి, భర్త పోయాక బిడ్డని కుట్టుమిషను మీద పెంచిన మనిషి. 1904లో న్యూయార్క్‌లో షాపు తెరిచి మొదట గర్భిణులకి, తర్వాత లావుపాటి వాళ్ళకి కుట్టింది. నాకు ఆవిడంటే గౌరవం, అది వేరే సంగతి. కానీ "ఏ షాపులోనైనా" అన్న మాట అబద్ధం. ఓల్డ్ నేవీ అనే పెద్ద గొలుసు దుకాణం 2021లో అన్ని షాపుల్లోనూ 0 నుంచి 28 దాకా, ఆన్‌లైన్‌లో 30 దాకా ఒకే ధరకి ఆడవాళ్ళ బట్టలు పెడతామని గొప్పగా ప్రకటించింది. మరుసటేడే కొన్ని షాపుల్లోంచి ఆ పెద్ద సైజులు తీసేసింది. చాలాచోట్ల పెద్ద సైజులు ఆన్‌లైన్‌లోనే ఉంటాయి, కళ్ళతో చూసి కొనే వీలుండదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లోనూ బ్రిటన్‌లోనూ ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని చేతికందిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వద్దనే హక్కు చట్టంలోనే ఉంది. అమెరికాలో అలాంటి దేశవ్యాప్త చట్టం లేదు, షాపు పెట్టుకున్న నిబంధనే చట్టం. కొనేముందు అది చదువుకోండి.

సైజు అంకెలంటారా, అవి దేశానికోలా ఉంటాయి. అమెరికా 16 అంటే సుమారుగా బ్రిటన్‌లో 20, జర్మనీలో 46, ఫ్రాన్స్‌లో 48. ఒక్క అమెరికాలోనే 18 వేరు, 18 డబ్ల్యూ వేరు. డబ్ల్యూ ఉన్నది నిండు ఒంటికోసం ఛాతీ, నడుము, చంక దగ్గర ఎక్కువ చోటిచ్చి కత్తిరించింది. అలాగే మన కుర్తీల త్రిబుల్ ఎక్సెల్ మామూలుగా ఛాతీ 46 అంగుళాల లెక్క. అక్కడి పెద్ద సైజుల షాపులో 3ఎక్స్ అంటే దాదాపు 50, ఆపైన. ఇక్కడి లేబుల్ చూసుకుని అక్కడ ఆర్డరిస్తే మీరు అందులో ఈదాల్సిందే. ఆ అంకెలకి ఆధారమైనా గట్టిదా అంటే, అదీ లేదు. 1939-40ల్లో అక్కడి వ్యవసాయ శాఖ సుమారు 15,000 మంది ఆడవాళ్ళ కొలతలు తీయించింది, శ్వేతజాతి వాళ్ళవి మాత్రమే లెక్కలోకి తీసుకుంది. దాని మీద 1958లో ఒక ప్రమాణం పెట్టారు, 1983లో తీసేశారు. ఆ తర్వాత ఎవరి పట్టిక వాళ్ళదే. మన దేశానికి సొంత పట్టిక కోసం ఫ్యాషన్ చదువులు చెప్పే ప్రభుత్వ సంస్థ నిఫ్ట్ హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25,000 మందిని కొలిచే సర్వే తలపెట్టింది. అంటే ఇన్నాళ్ళూ మన షాపులు కూడా అరువు అంకెలతోనే నడిచాయన్నమాట.

మన అమ్మలకి ఇదంతా అక్కడికెళ్ళాకే ఎందుకు తగులుతుందంటే, చీరకి సైజు లేదు. ఐదున్నర మీటర్లు ఎవరికైనా ఐదున్నర మీటర్లే, జాకెట్టు మాత్రం కుట్టించుకుంటారు. యాభై ఐదేళ్ళ మనిషి జీవితంలో మొదటిసారి ఒక షాపు ట్రయల్ రూములో నిలబడి, జిప్పు పైకి రాక, తప్పు తన ఒంటిదే అనుకుని బయటికొస్తుంది. అందుకని నేను చెప్పేదేమిటంటే, కుర్తీలు, ఏ-లైన్ టాపులు, జాకెట్లు, లంగాలు ఇక్కడే కుట్టించుకు వెళ్ళండి, అక్కడ కుట్టుకూలి మనకి అందేది కాదు. చలికోటు, జీన్సు, థర్మల్స్ (చలికి లోపల వేసుకునే బట్టలు) అక్కడే కొనండి. బ్రా కూడా అక్కడే. బ్రిటన్‌లో డి తర్వాత డబుల్ డి, ఈ, ఎఫ్, డబుల్ ఎఫ్, జి అంటూ కప్పులు పోతూనే ఉంటాయి. మన దగ్గర చాలా షాపుల్లో కప్పు సంగతి అడిగితే చుట్టుకొలత పెంచి చేతిలో పెడతారు. చుట్టు వదులై, కప్పు చాలక, భుజాల మీద పట్టీలు కోసుకుపోయేది ఇందుకే. కోటు ట్రై చేసేటప్పుడు లోపల స్వెట్టర్ వేసుకుని చూడండి. చీర మీద కోటు వేసుకునేవాళ్ళు కొంగుని భుజం మీద మడతలు తీసేసి పల్చగా పరుచుకోండి, లేకపోతే కోటు ఒక భుజం మీద లేస్తుంది.

ఐదోది: కాటన్. మే నెల విజయవాడలో దాన్ని కాదనేవాళ్ళెవరు? కానీ కాటన్ చెమటని పీల్చి తనలోనే ఉంచుకుంటుంది. మంచు దేశంలో బయట నడిచి, హీటరు వేసిన ఇంట్లోకో షాపులోకో వెళ్తే చెమట పడుతుంది, మళ్ళీ బయటికొస్తే ఆ తడి కాటన్ ఒళ్ళు గడ్డకట్టిస్తుంది. ఒంటికానుకునే పొర మెరీనో ఉన్నిదో, పాలిస్టర్ థర్మలో కావాలి, కాటన్ కుర్తీ దాని మీద వేసుకోండి. ఎవరూ నోరు తెరిచి చెప్పని ఇంకో బాధ తొడలు ఒరుసుకోవడం. లంగా, ఫ్రాకు వేసుకుని అక్కడివాళ్ళలా మైళ్ళు నడిస్తే మంట, పుండు. తడిసిన కాటన్ ఆ రాపిడిని పెంచుతుంది. మోకాళ్ళదాకా వచ్చే నైలాన్-లైక్రా షార్ట్స్ లోపల వేసుకుంటే సమస్యే ఉండదు. ఇంకొకటి, అక్కడ డ్రయ్యర్‌లో వేస్తే కాటన్ కుంచించుకుంటుంది, లైనింగు ఒకలా, పైబట్ట ఒకలా. మంగళగిరి బట్టయినా, లైనింగైనా కత్తిరించకముందే ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి నీడన ఆరేసి తీసుకురండి.

ఆరో సూత్రం గురించి రాయడానికే విసుగ్గా ఉంది. తగ్గాలా వద్దా అన్నది మీకూ మీ డాక్టరుకీ మధ్య సంగతి. బట్టకి దానితో పనేమిటి? పైగా పురుటి పనికి వెళ్ళిన అమ్మ ఆరు నెలలు మనవణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికీ, పార్కుకీ, గుడికీ తిరుగుతుంది, రెండు నైటీలతో ఎలా కుదురుతుంది? ఒళ్ళు మారుతుందని భయముంటే దానికి కుట్టులోనే దారుంది. పక్క కుట్లలో రెండువైపులా అంగుళంన్నర చొప్పున బట్ట వదలమని టైలరుకి ముందే చెప్పండి, చంక దగ్గరా, చేతి లోపలా కూడా. ఓవర్‌లాక్ (అంచు కోసి దారంతో చుట్టే మిషను కుట్టు) చేసి ఆ బట్ట కత్తిరించెయ్యొద్దని మరీ మరీ చెప్పండి, తొందరలో అదే చేస్తారు. తగ్గితే లోపలికి ఒక కుట్టు, పెరిగితే ఒక కుట్టు విప్పడం. ప్యాంటుకి నడుం వెనక సగం ఎలాస్టిక్, ముందు సాదా పట్టీ పెడితే కూర్చున్నప్పుడు కొయ్యదు, టాపు కింద ఉబ్బెత్తుగా కనపడదు.

కొలతలకి వచ్చేటప్పుడు, ఆ బట్టల కింద వేసుకోబోయే బ్రానే వేసుకుని రండి. ఐదేళ్ళ కిందటి ఆది జాకెట్టు మాత్రం తేవద్దు.