పంచాంగకర్తలకు ఒక విన్నపం

ఏటా ఉగాదికి వెలువడే పంచాంగాలలో శంకుస్థాపనకు ముహూర్తాలుంటాయి, ద్వారబంధం నిలబెట్టడానికి ఉంటాయి, గృహప్రవేశానికి సరేసరి. అయితే బయానా ఇచ్చిన రోజుకూ పాలు పొంగించే రోజుకూ మధ్య గడిచే కాలాన్ని ఏ లెక్కన కొలవాలో ఏ సిద్ధాంతిగారూ రాసినట్లు కనబడదు. అరవై విఘడియలు ఒక ఘడియ అనీ, అరవై ఘడియలు ఒక రోజు అనీ తేల్చిన శాస్త్రం, ఏజెంటు నోట వెలువడే ‘రెండు రోజులు’ అన్న మాటను నిర్వచించకుండా వదిలేయడం సామాన్యమైన లోటు కాదు. హైదరాబాదులో ఒక పాత ఫ్లాటు కొనే పనిలో చైత్రం నుంచి మాఘం దాకా గడిపినవాడిగా, ఆ లోటును కొంతైనా పూరించే అర్హత నాకుందని నమ్మి, రాబోయే ఉగాది నాటికి ఈ దిగువ విషయాలను పరిశీలించవలసిందిగా పంచాంగకర్తలను కోరుతున్నాను.

మొదటి ఘట్టం ఇల్లు చూడడం. దీని ప్రమాణం 15 నిమిషాలు. కొనలు విరిచి చూడనిదే అరకిలో బెండకాయలు తూయించుకోని మనిషి, ఇరవై యేళ్లు నెలనెలా వాయిదా కట్టవలసిన ఇంటిని ఒక ఘడియ కూడా నిండకుండానే చూసి ముగిస్తాడు. అందులో సగం సింహద్వారం దగ్గర ఫోనులో దిక్సూచి తెరిచి తూర్పు ఎటో తేల్చుకోవడానికీ, మిగతా సగం కుళాయిలు తిప్పి చూసి, ఇంటివారిచ్చిన మంచినీళ్లు తాగడానికీ సరిపోతుంది. నింపాదిగా ఆలోచించి చెబుతామని అనబోయేలోగా ఏజెంటు గొంతు తగ్గించి, “ఇంకో పార్టీ సాయంత్రం ఐదింటికి వస్తున్నారు సార్, వాళ్లకు బాగా నచ్చేసింది” అంటాడు.

ఈ ఇంకో పార్టీ గురించి కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది. నేను చూసిన పదకొండు ఫ్లాట్లకూ ఇంకో పార్టీ ఉంది. పదకొండు చోట్లా వారు ఐదింటికే వస్తున్నారు. వారికి లోను అవసరం లేదు, వాస్తు పట్టింపు లేదు, బేరమాడే అలవాటు అసలే లేదు. ఇంతటి ఉత్తములు ఈ నగరంలో ఉండి కూడా ఇంతవరకు ఒక్క ఇల్లూ కొనుక్కోలేకపోవడం నాకు నిజంగానే బాధ కలిగించింది. వారికి అన్యాయం చేస్తున్నానన్న సంకోచంతోనే ఆ సాయంత్రం నాలుగున్నరకు లక్ష రూపాయల బయానా ఇచ్చాను. ఆ తరువాత వారి ఊసు మళ్లీ వినబడలేదు.

బయానా చేతులు మారిన క్షణంలోనే కాలం స్వభావం మారిపోతుందని నేను స్వయంగా గమనించాను. అంతవరకు సాయంత్రం దాకా కూడా ఆగలేని వ్యవహారం అక్కడి నుంచి ‘సోమవారం చూద్దాం సార్’ అన్న స్థితికి చేరుతుంది. అది ఏ సోమవారమో అడగడం మర్యాద కాదు. ‘రెండు రోజులు’ అంటే కనిష్ఠంగా ఒక పక్షం. ‘వచ్చే వారం’ అంటే అమావాస్య వెళ్లాక. ‘అయిపోయినట్టే’ అంటే పని ఇంకా మొదలు కాలేదు. అగ్రిమెంటు మాత్రం మూడు నెలల గడువుతో శుభ్రంగా టైపు చేయించి తెచ్చారు. ఆ గడువులో నేను సొమ్ము చెల్లించకపోతే అడ్వాన్సు మీద నాకు ఎలాంటి హక్కూ ఉండదని ఒక పేరా ఉంది. అమ్మేవారు ఆలస్యం చేస్తే ‘పరస్పర అంగీకారముతో గడువు పొడిగించుకొనవచ్చును’ అని మరొక పేరా ఉంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. స్థిరాస్తి క్రయవిక్రయాలలో కాలమే ఒప్పందానికి ప్రాణమని ముందుగా అనుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చాంద్ రాణి కేసులో చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. ఇంతటి వేదాంతాన్ని మా ఏజెంటు న్యాయశాస్త్రం చదవకుండానే వంటపట్టించుకున్నాడు.

ఇక్కడి నుంచి వ్యవహారం ముందుకు కాక వెనక్కి నడుస్తుంది. ఇంటి భవిష్యత్తు కోసం వెళ్లినవాణ్ని లాయరుగారు దాని గతంలోకి పంపారు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నడిచిన లావాదేవీల చిట్టా, 1983 నుంచి ఆన్‌లైనులో దొరుకుతుంది కాబట్టి అక్కడిదాకా ప్రయాణం సుఖంగానే సాగింది. అంతకు ముందరి లింకు డాక్యుమెంటులో, అంటే పాత యజమానుల నాటి దస్తావేజులో, చేతిరాత మొదలై, చెక్కుబందీలో, అంటే హద్దుల వివరంలో, ‘ఉత్తరం: ఫలానావారి చింతచెట్టు’ అని వచ్చింది. ఇప్పుడు ఆ చింతచెట్టు ఉండవలసిన చోట ఒక కోచింగు సెంటరు ఉంది. అది ఫలానావారిదేనా, చెట్టు ఎప్పుడు పోయింది, పోతే పోయినట్లు కాగితం ఏది అన్న మీమాంసలో జ్యేష్ఠం గడిచిపోయింది. లాయరుగారిని నేను తప్పుపట్టను. ఈ మొత్తం వ్యవహారంలో అడిగిన కాగితాన్ని నిజంగా చదివిన మనిషి ఆయనొక్కరే.

ఆ తరువాత తేలిందేమిటంటే, ఆ ఫ్లాటులో అమ్మే పెద్దాయనతో పాటు టెక్సాస్‌లో ఉన్న ఆయన తమ్ముడికీ వాటా ఉంది. “తమ్ముడిది పేరుకేలే బాబూ, వాడేమీ అనడు” అన్నారు పెద్దాయన. వాడు అనడంతో చట్టానికి పని లేదు, సంతకం పెట్టాలి. దానికి ఆయన నాలుగు గంటలు కారు నడుపుకుంటూ హ్యూస్టన్‌లోని భారత కాన్సులేటుకు వెళ్లి పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారమిచ్చే పత్రం, ధ్రువీకరింపజేసుకోవాలి. వెళ్లాలంటే సెలవు దొరకాలి. సెలవు దొరికేసరికి అపాయింటుమెంటు ఉండాలి. చివరికి ఆ పత్రం ఇక్కడికి చేరిన నాటి నుంచి మూడు నెలలలోపు దానికి స్టాంపు వేయించాలని మన స్టాంపుల చట్టం చెబుతోంది. అమెరికా నుంచి రావడానికి దానికి గడువు లేదు, వచ్చాక దాని వెంట పరుగెత్తడానికి మాత్రం నాకు ఉంది.

ఈ గడువుల పంపకంలో మన చట్టాలు చూపిన సూక్ష్మదృష్టిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. సంతకాలైన దస్తావేజును నాలుగు నెలల్లో దాఖలు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది. 50 లక్షలు, ఆపైన విలువ చేసే ఇల్లు కొంటే దేశంలో నివసించే అమ్మకందారుకు ఇచ్చే సొమ్ములోంచి 1 శాతం పన్ను మినహాయించాలని 2013 జూన్ నుంచి నియమం; దాన్ని ఆ నెల ముగిసిన 30 రోజుల్లో జమ చేయాలి. పన్ను అమ్మినవారిది, పట్టుకుని కట్టవలసింది కొన్నవాడు, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుమూ కొన్నవాడికే. ఇక అమ్మేవారు మాట తప్పితే కోర్టుకెక్కడానికి నాకు ఏకంగా మూడేళ్ల గడువిచ్చారు. అంత ధారాళంగా ఎందుకిచ్చారో కోర్టుకెళ్లిన మా బంధువొకరు వివరించారు కాని, ఆయన వివరణ ఇంకా పూర్తి కాలేదు.

బ్యాంకు సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అక్కడ జరిగినది ఒక్కటే: ఇంకొక్క కాగితం. అది ఇచ్చాక మరొక్కటి. మంజూరు పత్రానికి మూడు నెలల కాలపరిమితి పెట్టి, ఆ మూడు నెలలూ కాగితాలడిగి, పరిమితి తీరాక నా జీతం ఇంకా అలాగే ఉందో లేదో చూడాలంటూ మొదటి కాగితం మళ్లీ అడిగారు.

కాగితాలన్నీ కుదిరేసరికి ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో అమ్మడానికి పెద్దాయన ఒప్పుకోలేదు. శ్రావణంలో బ్యాంకు ఒప్పుకోలేదు. భాద్రపదంలో మహాలయ పక్షాలు, ఆశ్వయుజంలో దసరా సెలవులు. శుభకార్యాలకు అడ్డొచ్చే శూన్యమాసాలు పంచాంగంలోనే ఉంటాయనుకునేవారికి ఒక చారిత్రక విషయం గుర్తుచేయాలి: 2020 సెప్టెంబరు 8న తెలంగాణలో రిజిస్ట్రేషన్లు ఆపేస్తే వ్యవసాయేతర ఆస్తులకు మళ్లీ డిసెంబరులో గాని తలుపు తెరుచుకోలేదు. గురు మూఢమూ శుక్ర మూఢమూ ఎప్పుడు విడుస్తాయో సిద్ధాంతిగారు ముందే చెప్పగలరు. ఈ మూఢం ఎప్పుడు విడుస్తుందో ఆయనకూ అందలేదు. ఎట్టకేలకు కార్తీకంలో, వర్జ్యమూ రాహుకాలమూ తప్పించి, స్లాటు బుక్ చేసుకుని, స్టాంపు, రిజిస్ట్రేషన్ సుంకాలకు ఏడున్నర శాతం చలానా కట్టి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కెమెరా ముందు కూర్చున్నాం. 1998లో ‘కార్డ్’ పేరుతో ఈ కార్యాలయాలకు కంప్యూటర్లు తెచ్చినప్పుడు గంటలో పని పూర్తవుతుందని చెప్పారు. ఆ మాట అబద్ధం కాదు. మా పని ముప్పావుగంటలో అయింది. ఆ ముప్పావుగంటకు ఏడు నెలలు పట్టిందంతే.

ఈ బాధంతా పాత ఫ్లాటు వల్లనే, కొత్తది కొనుంటే పోయేది అని మా బావమరిది అన్నాడు. అతను కొత్తదే కొన్నాడు. బిల్డరు దసరాకి తాళాలిస్తానన్నాడు, మాట మీదే ఉన్నాడు, ఏటా దసరా వస్తూనే ఉంది. బిల్డర్లను అదుపుచేసే 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఆలస్యానికి వడ్డీ వస్తుంది, స్వాధీనమైన ఐదేళ్లలోపు కట్టడంలో లోపాలు బయటపడితే బిల్డరే బాగుచేయాలి. అయితే లోపాలు బయటపడాలంటే ముందు గోడలు లేవాలి.

రిజిస్ట్రేషనైతే ఇల్లు మనదైనట్లేనని అనుకోవడం పొరపాటు. పెద్దాయన సంక్రాంతి ఆ ఇంట్లోనే చేసుకుంటామని బతిమాలారు. పుష్యం ఎలాగూ నాకు పనికిరాదు కనుక ఒప్పుకున్నాను. మాఘంలో పాలు పొంగించాం. ఆస్తిపన్ను నా పేరుకు మారింది, కరెంటు బిల్లు మాత్రం నేటికీ పెద్దాయన పేరునే వస్తోంది, టెక్సాస్ తమ్ముడు దాని గురించీ ఏమీ అనడు.

పంచాంగకర్తల దృష్టికి తేవలసిన విషయం ఇంకొక్కటే మిగిలింది. పోయిన ఆదివారం ఏజెంటు ఫోను చేసి, మా మూడో అంతస్తులో ఫ్లాటు అమ్మకానికి వచ్చిందనీ, చూడడానికి ఒక దంపతులు నాలుగున్నరకు వస్తున్నారనీ చెప్పి, “మీరు కాస్త మంచి చొక్కా వేసుకుని ఐదింటికి లిఫ్టు దగ్గర కనబడితే చాలు సార్” అన్నాడు. సంవత్సరం పొడవునా అతను చెప్పిన ఒక్క సమయానికైనా ఏదైనా జరిగితే చూడాలన్న కోరికతో, నేను ఐదుకు రెండు నిమిషాలుండగానే వెళ్లి నిలబడ్డాను. దంపతులు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, అక్కడికక్కడే బయానా ఇచ్చేశారు.