మహారాజశ్రీ సర్వీసు సర్టిఫికెట్ గారి దివ్య సముఖానికి

ఉభయ కుశలోపరి.

తమరు క్షేమంగానే ఉన్నారని నాకు తెలుసు. మా పెదనాన్న బీరువాలో, ఇంటి దస్తావేజుల కంటే ఒక అర పైన, ప్లాస్టిక్ కవర్లో, కలరా ఉండల వాసన మధ్య పవళించి ఉన్నారు. మడత దగ్గర చిరిగితే సెల్లో టేపు కూడా వేయించుకున్నారు. తమరిని బయటికి తియ్యాలంటే పెదనాన్న చేతులు కడుక్కుని వస్తారు, నన్ను కూడా కడుక్కు రమ్మంటారు. ఇంత మర్యాద మా తాతయ్యకు బతికుండగా జరగలేదు.

విషయానికి వస్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో మా తాతయ్య రాయల్ ఇండియన్ నేవీలో ఏబుల్ సీమన్, అంటే ఆఫీసరు కాని మామూలు నావికుడు. ఎక్కడ తిరిగాడు, దేనిమీద తిరిగాడు అని రాయడానికి కూర్చుంటే, సర్కారు ముద్రతో మాట్లాడగల సాక్షి తమరొక్కరే. తమరు సెలవిచ్చింది ఇదీ: డల్హౌసీ, హిమాలయ, హుగ్లీ, సర్కార్స్. ఒక్కోదానికి ఎదురుగా తేదీలు, పక్కన ఎవరిదో కోడిగెలికినట్టున్న సంతకం. చదివితే మనిషి యుద్ధానికి వెళ్ళాడా, ఎల్.టి.సి. పెట్టుకుని దేశం చూసొచ్చాడా అనిపిస్తుంది.

మా పెద్ద మేనత్త అయితే మొన్నమొన్నటి వరకూ ‘నాన్న హిమాలయాల్లో పనిచేశాడు, అందుకే ఆయనకు చలి ఆనేది కాదు’ అని చెప్పేది. హిమాలయ అంటే కరాచీలో ఫిరంగులు పేల్చడం నేర్పే బడి అని ఆవిడకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. డల్హౌసీ బొంబాయిలో ఉంది. హుగ్లీ కలకత్తాలో ఉంది. సర్కార్స్ మన విశాఖపట్నంలోనే ఉంది, ఇప్పటికీ ఐ.ఎన్.ఎస్. సర్కార్స్ పేరుతో కళకళలాడుతోంది. అన్నిటికీ ముందు హెచ్.ఎం.ఐ.ఎస్. (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్) అని ఉంటుంది, అంటే ఓడలన్నమాట. ఒక్కటి కూడా నీళ్ళలో తేలేది కాదు. గోడలు, కిటికీలు, గేటు దగ్గర సెంట్రీ, వెనకాల వంటిల్లు. ఆ బిల్డింగులోంచి బజారుకు వెళ్ళాలన్నా ‘షోర్ లీవ్’ పెట్టాలి. ఒడ్డు మీద కూర్చుని ఒడ్డుకు వెళ్తానని సెలవు అడగడం ఎలా ఉంటుందో తాతయ్యనే అడగాల్సింది.

ఈ ఆచారం బ్రిటిష్ నేవీది. నౌకాదళంలో చేరిన ప్రతివాడూ ఏదో ఒక ఓడ పుస్తకాల్లో ఉండి తీరాలి. ఉండటానికి ఓడ లేకపోతే బిల్డింగునే ఓడ అనేస్తే సరి. అక్కడితో ఆగినా బాగుండేది. నిజంగా నీళ్ళలో తిరిగే చిన్న చిన్న గస్తీ బోట్లకు, అంటే మోటార్ లాంచీలకు, సొంతంగా పద్దు పుస్తకాలు నడిపేంత సీను లేదు. ఇద్దరు ఆఫీసర్లు, పదిహేను మంది లోపు మనుషులు, అందులో గుమాస్తా ఎవడు? అందుకని వాళ్ళ జీతం, బట్ట, శిక్షలు అన్నీ ఒడ్డునున్న బేస్ ఖాతాలో. బేస్ పేరే తమ ఒంటిమీద పడింది, బోటు పేరు గాలికి పోయింది. పైగా ఆ బోట్లకు పేర్లెక్కడివి? ఒట్టి నంబర్లు. మొత్తం మీద నీళ్ళలో తిరిగినవాడు బిల్డింగులో ఉన్నట్టూ, ఆ బిల్డింగు నీళ్ళలో తేలినట్టూ తమరు సాక్ష్యం చెప్పారు, సంతకంతో సహా.

తాతయ్య ‘లాంచీ’ అనే అనేవాడు పాపం. మా ఇంట్లోవాళ్ళకు లాంచీ అంటే రాజమండ్రి నుంచి పాపికొండలు చూపించి తీసుకొచ్చేది. యుద్ధంలో లాంచీ ఏమిటి, పరువు తక్కువ కాదూ? అందుకని పెదనాన్న సర్దుబాటు మొదలుపెట్టారు. మా పెద్దక్క పెళ్ళినాటికి లాంచీ పోయి యుద్ధనౌక అయింది. చిన్నాన్న కొడుకు ఒడుగునాటికి తాతయ్య పెటీ ఆఫీసర్. కిందటేడు గృహప్రవేశంలో ఏకంగా కెప్టెన్. బతికుండగా రాని ప్రమోషన్లన్నీ శుభకార్యాల్లో వస్తున్నాయి. తమరు నోరు విప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

నిజానికి ఆ లాంచీకి తక్కువేమీ లేదు. ఫెయిర్‌మైల్ ‘బి’ రకం మోటార్ లాంచీ పొడవు 112 అడుగులు. ఒళ్ళంతా చెక్క, ఇంగ్లండులో తయారైన విడి భాగాలు తెచ్చి రేవులో బిగించుకునే వీలున్న డిజైను. రెండు ఇంజన్లు, 20 నాట్ల వేగం. ముందో చిన్న ఫిరంగి, గబగబా పేలే ఓర్లికాన్ గన్లు, వెనక జలాంతర్గాముల కోసం నీళ్ళలో పేలే డెప్త్ ఛార్జీలు. ఇంధనం మాత్రం డీజిల్ కాదు, పెట్రోలు. ట్యాంకులు నింపితే రెండు వేల గాలన్ల పైమాటే. చెక్క పెట్టె, దాని కడుపులో అంత పెట్రోలు, పైన తుపాకులు. ఒక్క తూటా సరిగ్గా తగిలితే చాలు.

ఇది చదివాకే నాకు ఇంకో సంగతి అర్థమైంది. తాతయ్య కిరసనాయిలు స్టవ్ వెలిగించే ముందు పెరటి తలుపు బార్లా తీసేవాడు. నడుం వంచి, నేలకు జానెడు ఎత్తున మొహం పెట్టి వాసన చూసేవాడు. తృప్తి కలిగాకే అగ్గిపుల్ల గీసేవాడు. గ్యాసు పొయ్యి వచ్చాక కూడా అదే తంతు. నానమ్మ ‘కాఫీ చుక్క కోసం ఈ పరీక్షేంటండీ, చాదస్తం కాకపోతే’ అని విసుక్కునేది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అడుగునే పేరుకుంటుంది. పడవ కడుపులో అది పోగైతే వాసన పట్టాల్సింది కిందనే. సర్టిఫికెట్ గారూ, తమ ఒంటిమీద లేని సమాచారం ఆయన నడుంలో ఉంది. కానీ నడుం వంపును ఏ ఆఫీసులో అటెస్ట్ చేయించను?

పోనీ తమకు ఏమీ తెలియదా అంటే, బోలెడు తెలుసు. తాతయ్య ఎత్తు తెలుసు. ఛాతీ కొలత అంగుళాల్లో తెలుసు. కళ్ళ రంగు, జుట్టు రంగు రాసుకున్నారు. రెండూ నలుపే, ఆ మాత్రం దానికి రెండు గళ్ళు. ఎడమ మోచేతి దగ్గర మచ్చ ఉందని తెలుసు. ఈత పరీక్ష పాసయ్యాడని తెలుసు. భీమిలి పిల్లాడికి ఈత పరీక్ష పెట్టినవాడెవరో మహానుభావుడు. ఏటా నడవడిక ‘వి.జి.’, అంటే వెరీ గుడ్ అని తెలుసు. పేరు దగ్గర మాత్రం ఇంటిపేరు మింగేసి, తండ్రి పేరును ఇంటిపేరు చేసి, దానికో మూడు స్పెల్లింగులు ఇచ్చారు. పెళ్ళిచూపులకు పనికొచ్చేవన్నీ రాసి, యుద్ధానికి పనికొచ్చేది వదిలేశారు.

తమరిని పక్కనపెట్టి నేను పోగేసుకున్నది చెప్తాను, కాదంటే కాదనండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. పట్నం జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగు తీశారు. అందరూ సముద్రానికి దూరంగా పోతుంటే మా తాతయ్య సముద్రానికి ఎదురెళ్ళి నేవీలో చేరాడు. దేశభక్తా, రాజభక్తా అని నన్నడగొద్దు, మూడు పూటలా భోజనమని నానమ్మ సాక్ష్యం. 1939లో రెండు వేల మంది కూడా లేని ఆ నేవీ యుద్ధం ముగిసేసరికి పాతిక వేలు దాటిందంటే, ఆకలి ఒక్క మా ఇంట్లోనే లేదని తెలుస్తోంది.

అక్కణ్ణించి బర్మా. మా వైపు బర్మా వెళ్ళడాన్ని రంగం పోవడం అనేవారు. అప్పటికే తరాలుగా కూలికి వెళ్ళి, యుద్ధం రాగానే కట్టుబట్టలతో కాలినడకన తిరిగొచ్చినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళు ఇటు వస్తుంటే ఈయన అటు. చిట్టగాంగుకు కింద అరకాన్ తీరం, మడ అడవులు, వాటిమధ్య చౌంగులని పిలిచే బురద కాలవలు. పెద్ద ఓడ దూరదు. అక్కడ దక్షిణాఫ్రికా, బర్మా, ఇంగ్లండు బోట్లతో పాటు రాయల్ ఇండియన్ నేవీ లాంచీలు కూడా రాత్రిళ్ళు కాపుకాసి, సరుకులు చేరేసే జపాను పడవల్ని పట్టేవి. 1945 జనవరి 3న అక్యాబ్, 12న మైబాన్, 21న రామ్రీ దీవి, 22న కాంగా: వరసగా సైన్యాన్ని ఒడ్డున దింపారు. పెద్దపెద్ద చరిత్రల్లో ఈ చోట్లన్నీ ఉన్నాయి. నర్మద, జమున అనే మన యుద్ధనౌకల పేర్లూ ఉన్నాయి. నంబరున్న బోట్లు ‘మరికొన్ని చిన్న పడవలు’ అనే ముక్కలో సర్దుకుని కూర్చున్నాయి.

ఆ రామ్రీ దగ్గరే నాకు ఒళ్ళు మండింది. జపాను సైనికులు వెయ్యిమంది మడ అడవుల్లోకి పారిపోతే మొసళ్ళు తినేశాయని, ఇరవైమందే మిగిలారని ఒక కథ ఉంది. లాంచీల్లో కాలవల మూతులు కాస్తున్నవాళ్ళు రాత్రంతా ఆ కేకలు విన్నారట. బ్రూస్ రైట్ అనే కెనడా ప్రకృతి శాస్త్రవేత్త రాశాడు. తర్వాత చరిత్రకారులు అంత లేదని కొట్టిపారేశారు. ఆకలి, దాహం, నీట మునగడం, తూటాలు చంపినంత మందిని మొసళ్ళు చంపలేదన్నారు. ఉందన్నవాళ్ళూ లేదన్నవాళ్ళూ కలిసి ఆ మొసళ్ళ మీద రాసినదాంట్లో వందో వంతు కాలవ మూతిలో పడవ కట్టుకుని కూర్చున్నవాళ్ళ మీద రాయలేదు. మొసలికి సర్వీసు రికార్డు ఉంది. మా తాతయ్యకు లేదు.

పైగా వెతికే దారులు చూడండి. లండన్‌లో క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో పెద్ద ఓడల లాగ్ బుక్కులు భద్రంగా ఉన్నాయి. చిన్నవాటివి చాలామటుకు దాచలేదు. నేవీ లిస్టులు ఉన్నాయి, వాటిలో ఆఫీసర్ల పేర్లే. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరు కొడితే క్షణంలో మనిషి దొరుకుతాడు, కాకపోతే యుద్ధంలో చచ్చిపోయి ఉండాలి. ప్రాణాలతో తిరిగొచ్చి, పెళ్ళిచేసుకుని, మమ్మల్నందరినీ కనిపెట్టుకుని ఉండటమే తాతయ్య చేసిన పొరపాటు. 1947లో హిమాలయ పాకిస్తాన్ వాటాకు పోయింది. ఒక రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాస్తే ‘ఆయన పనిచేసిన ఓడ పేరు తెలిపినచో పరిశీలించగలము’ అని జవాబొచ్చింది. అది తెలిస్తే నేను వాళ్ళకెందుకు రాస్తాను?

తమకు ఎదురు సాక్షి ఒకటి ఉంది, చెప్పనా? బర్మా స్టార్. ఆరు కోణాల రాగిరంగు నక్షత్రం. మధ్యలో ఎర్ర పట్టీ, రెండు పక్కలా నీలం, ఆ నీలంలో నారింజ గీత ఉన్న రిబ్బను. నానమ్మ దీన్ని దీపావళికి ఇత్తడి సామానుతో పాటు చింతపండు పెట్టి తోమేసేది, రాజుగారి అక్షరాలు సగం అరిగాయి. నేవీ వాళ్ళకు ఇది రావాలంటే మామూలుగా ముందు ఆరు నెలలు యుద్ధం జరిగే నీళ్ళ మీద ఉండి 1939–45 స్టార్ సంపాదించాలి. ఆ స్టారూ ఉంది. అంటే తమరు సర్కార్స్‌లో కూర్చోబెట్టిన కాలంలో మనిషి అక్కడ లేడు. సర్కార్స్ బిల్డింగు లేచి బంగాళాఖాతం దాటి అరకాన్ వెళ్ళొచ్చిందంటారా?

ఒక్క విషయంలో మాత్రం తమకు దండం పెడతాను. అప్రతిష్ఠతో పంపేసినవాడి సర్టిఫికెట్‌కు మూల కత్తిరించేవారట. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో తల్వార్ అనే నేవీ సిగ్నల్ బడిలో నావికుల తిరుగుబాటు మొదలై విశాఖపట్నం దాకా పాకింది. తాతయ్య అందులో ఉన్నాడని చిన్నాన్న, లేడని పెదనాన్న పండగ పండగకీ పోట్లాడుకుంటారు. తమ నాలుగు మూలలూ ఉన్నాయి. పెదనాన్న దానికి సంతోషించారు. నాకైతే ఒక మూల పోయినా బాగుండేదనిపించింది, అప్పుడైనా ఆ రోజుల్లో ఎక్కడున్నాడో తేలేది.

ఇక అసలు ఫిర్యాదు. మొన్న తమరిని కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. సర్కార్స్ అన్న మాట తర్వాత ఒక బ్రాకెట్ మొదలైంది. అంటే ఎవరో బుద్ధిమంతుడైన గుమాస్తా బోటు నంబరు రాసే ఉన్నాడు! ఎమ్.ఎల్., అంటే మోటార్ లాంచీ, దాని పక్కన నాలుగు. ఆ తర్వాతి అంకె ఉండాల్సిన చోట పంచింగ్ మిషను వేసిన గుండ్రటి బెజ్జం. అవతల ఆఖరి అంకెలో సగం మిగిలింది, మూడు కావచ్చు, ఎనిమిది కావచ్చు. ఏ కాలంలో ఏ మహానుభావుడు ఏ ఫైల్లో గుచ్చడానికి కొట్టాడో గానీ, పేజీకి ఎడమ పక్క జానెడు మార్జిన్ ఖాళీగా ఉంది. దాన్ని వదిలేసి గురిచూసి అక్కడే కొట్టాడు. హిమాలయలో శిక్షణ పొందిన గన్నర్లకు కూడా అంత గురి ఉండి ఉండదు.

కాబట్టి తమరికి నా మనవి ఒక్కటే. ఆ పోయిన అంకె ఏదో కాస్త గుర్తు తెచ్చుకోండి. వచ్చే మాఘమాసంలో మా చిన్న చెల్లెలి పెళ్ళి. శుభలేఖ ముసాయిదా అప్పుడే పెదనాన్న చేతికి వెళ్ళింది. తాతయ్య పేరు ముందు ‘రియర్ అడ్మిరల్’ అని వేయించవచ్చా అని నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగారు.

ఇట్లు,
తమ మీద ఆధారపడి చెడిపోయిన
ఒక మనవడు