డిజిటల్ అరెస్టు దొరవారికి విశాఖ నుంచి ఓ విన్నపం

మహారాజశ్రీ డిజిటల్ అరెస్టు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ విశాఖపట్నంలో మేమంతా క్షేమం. పోలీసులమని వీడియో కాల్‌లో జనాన్ని బెదిరించి, ఇంట్లోనే బందీ చేసి డబ్బు గుంజే తమరు కూడా అక్కడ క్షేమంగానే ఉన్నారని రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. అదే మా దిగులు.

ముందుగా తమరి పనితనానికి ఓ దండం. మామూలు స్టేషన్‌కి వెళ్లి గోడు చెప్పుకోవాలంటే బెంచీ మీద ఎంతసేపు కూర్చోవాలో, ఏ జిరాక్సు తేలేదని వెనక్కి పంపుతారో తెలీదు. మీరలా కాదు. స్టేషనే మా ఇంటికొస్తుంది. వీడియో కాల్‌లో వెనకాల జెండా, గోడ మీద గాంధీగారు, భుజాల మీద నక్షత్రాలు. మీ ఆధార్ మీద ముంబైలో పార్సిల్ దొరికింది, అందులో డ్రగ్స్ ఉన్నాయి అని మొదలుపెడతారు. కాసేపటికి దాన్ని మనీ లాండరింగ్‌లోకి దింపుతారు. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా సీబీఐ లెటర్‌హెడ్డు, సుప్రీంకోర్టు ముద్ర వాట్సాప్‌లో దిగిపోతాయి. ఇంత చురుగ్గా ఫైలు కదిలే ఆఫీసు ఈ దేశంలో ఇంకొకటి ఉంటే చూపించండి.

లూధియానాలో వర్ధమాన్ గ్రూపు అధిపతి ఎస్.పి. ఓస్వాల్ గారికైతే 2024లో ఏకంగా ఆన్‌లైన్ కోర్టే పెట్టేశారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారి పేరు చెప్పుకుని ఒకాయన విచారణ జరిపాడు, 7 కోట్లు రాలాయి. అందులో 5 కోట్ల పైచిలుకు పోలీసులు వెనక్కి రాబట్టారనుకోండి, అది వేరే సంగతి. మా తాతగారి హయాం నుంచి వాయిదాలు పడుతున్న భూమి తగాదా ఒకటుంది. దాన్ని మీ బెంచికి మార్పించుకుంటే ఎలా ఉంటుందా అని నాకో ఆలోచన వచ్చిన మాట నిజం.

పాపం, అసలు పోలీసుకి ఇన్ని సౌకర్యాలు లేవు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. పొద్దుగూకాక ఆడవాళ్లని అరెస్టు చెయ్యాలంటే మహిళా పోలీసు ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతీ ఉండాలి. మీకా బాధ లేదు. పెద్దావిడ బాత్రూంకి వెళ్లాలన్నా కెమెరా ఆపొద్దంటారు. 2024 జులైలో అరెస్టులు ఎలా చెయ్యాలో చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, అందులో ఎంత వెతికినా మీ పేరు లేదు. మీ చుట్టం ఆన్‌లైన్ రమ్మీగారిని మా రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి తాళం వేసింది. మిమ్మల్ని నిషేధిద్దామంటే చట్టం దృష్టిలో మీరు అసలు పుట్టనే లేదు!

మీ పెట్టుబడి టెక్నాలజీ అని అందరూ అంటారు. నేనొప్పుకోను. ఖాకీ బట్టలు కనబడగానే కుర్చీలోంచి లేచి నిలబడే మా అలవాటే మీ పెట్టుబడి. జీవితమంతా స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసి, బ్లాస్ట్ ఫర్నేసు వేడికి జడవని మనిషి కూడా, "ఎవరికైనా చెబితే మీ అబ్బాయి ఉద్యోగం పోతుంది" అన్న ఒక్క మాటకి తలుపు గడియ పెట్టేసుకుంటాడు. పక్క ఫ్లాట్ వాళ్ల అల్లుడు పోలీసు శాఖలోనే ఉంటాడు. అయినా అడగడు, నలుగురికీ తెలిస్తే పరువు పోదూ! పీఎఫ్, గ్రాట్యుటీ, అమ్మాయి పెళ్లికని దాచిన ఫిక్సెడ్ డిపాజిట్టు, అన్నీ ఊడ్చి మీరు చెప్పిన 'ఆర్బీఐ వెరిఫికేషన్ ఖాతా'లో వేస్తాడు. ఆ ఖాతా కమిషన్‌కి ఆశపడి పాస్‌బుక్కూ సిమ్మూ అప్పగించిన ఏ కాలేజీ కుర్రాడిదో. అక్కడి నుంచి డబ్బు పాయలు పాయలుగా చీలి, క్రిప్టోగా మారి సముద్రం దాటేస్తుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొడితే కొంతైనా మధ్యలో ఆగే వీలుంది. మేమేమో అమెరికాలో అబ్బాయి నిద్ర లేచేదాకా ఆగుతాం.

మీరు పట్టుకెళ్లింది డబ్బొక్కటే అయితే ఈ ఉత్తరం ఇక్కడితో ముగించేవాణ్ణి. మా పిల్లల్ని కూడా పట్టుకెళ్లారు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు చెబితే, ఇంట్లో అప్పు చేసి కట్టి, బ్యాంకాక్ మీదుగా కంబోడియాలో తేలారు మా కుర్రాళ్లు. పాస్‌పోర్టులు లాగేసుకుని, మనవాళ్లకే ఫోన్లు చేసి ముంచమన్నారు. కాదంటే దెబ్బలు. ఆ నెలలోనే అక్కడి సిహనూక్‌విల్ ఊళ్లో మనవాళ్లు వందలమంది తిరగబడ్డారు. ఆ తర్వాతే కొంతమంది మా విమానాశ్రయంలో దిగారు. ఇంటర్వ్యూ కూడా లేకుండా ఫారిన్ ఉద్యోగమిచ్చిన ఘనత మీదే. రాజీనామా చేసే వీలే ఇవ్వలేదు. స్క్రీన్ మీద ఇన్‌స్పెక్టర్ వేషం కట్టినవాడి గదికి మాత్రం నిజంగానే బయట తాళం.

ఎంవీపీ కాలనీలో మాకు తెలిసిన పిన్నిగారొకావిడ ఉన్నారు. రైతుబజారు నుంచి వచ్చి ఆనపకాయ తరుగుతుంటే మీ కాల్ వచ్చింది. హిందీ రాదంటే తెలుగు ఆఫీసర్‌కి కలిపారు. ఆయన పుస్తకం అప్పజెప్పినట్టు నాన్ బెయిలబుల్ వారంట్ చదివాడు. ఆవిడ అంతా విని, "బాబూ, కుక్కర్ దింపి రానా?" అన్నారు.

"దింపీయండమ్మా, మాడిపోద్ది" అనేశాడు ఆఫీసరు.

ఆవిడ ఊరుకోలేదు. "ఏటి బాబూ, నీదే ఊరు? గాజువాకా, అనకాపల్లా?"

అవతల చప్పుడు లేదు. వెనకాల ఎవరో ఏదో భాషలో కేక వేశారు, కాల్ కట్టయింది. డబ్బు మిగిలిందని మేం సంబరపడుతుంటే, పిన్నిగారు మాత్రం ఆ గుంటడిని నా వల్ల కొట్టారో ఏటో అని మొన్నటిదాకా టెన్షన్ పడుతూనే ఉన్నారు.

కాబట్టి దొరవారూ, ముందు మా పిల్లల పాస్‌పోర్టులు ఏ సొరుగులో ఉన్నాయో తీసి ఎవరివి వాళ్లకిచ్చెయ్యండి. ఇకమీదట మమ్మల్ని అరెస్టు చెయ్యాలనిపిస్తే మనిషిని పంపండి. మద్దిలపాలెం జంక్షన్లో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు, పర్వాలేదు, మేం కనిపెట్టుకునుంటాం. ఈ ఉత్తరానికి జవాబు మాత్రం వాట్సాప్‌లో వద్దు. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరులో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే పంపండి. సంతకం పెట్టి తీసుకోవడానికి మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. తనకి ఖాకీ అంటే భయం లేదు. వాళ్ల నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు.

ఇట్లు,
తమరి ఫోన్ ఎత్తని
ఓ విశాఖ వాసి