శ్రీయుత «నేమ్» గారికి ఇంటిపన్ను నోటీసు

దక్షిణ తెలంగాణలో అందరికంటే ఎక్కువ ఇండ్లున్న ఆసామి పేరు «నేమ్». ఊరు «విలేజ్». దేవరకొండ దిక్కు ఇల్లుంది, మక్తల్ దిక్కు ఇల్లుంది, ప్రతి ఇంటికీ సరిగ్గా «అమౌంట్» రూపాయల బకాయి ఉంది. ఆయన పేరున వందల నోటీసులు అచ్చవుతాయి. పంచాయతీ పన్ను వసూలు చేసే కారోబారు వాటిని సంచిలో వేసుకొని గల్లీ గల్లీ తిరుగుతాడు. "ఈ నేమ్ అంటే ఎవరు సారూ?" "ఎవలైతేంది, ఒకటి తీస్కోరాదు!" న్యాయమే. అన్నీ ఒకటే కదా, ఏది తీసుకుంటే ఏం?

ఆఫీసులో దీన్ని వైరస్ అంటారు. ఆ వైరస్‌కు పాపం ఈ సంగతే తెలియదు. అసలు సంగతి మెయిల్ మెర్జ్, అంటే ఒకే వర్డ్ నమూనాలోకి ఎక్సెల్ జాబితాలోని పేర్లు ఒక్కొక్కటే ఎక్కించి నోటీసులు అచ్చేసే పద్ధతి. ఆ జాబితాతో లంకె తెగితే పేరుకు బదులు «నేమ్» అని ఖానా పేరే అచ్చవుతుంది. వర్డ్ ఫైలులో జనం పేర్లుండవు, పేర్లున్న ఎక్సెల్ ఫైలు చిరునామా ఉంటుంది, అంతే. నల్లగొండ 2016లో మూడు జిల్లాలైంది. పాలమూరు నాలుగై, 2019లో నారాయణపేటతో ఐదైంది. జనం కొత్త చిరునామాలు నేర్చుకున్నారు. వర్డ్ నేర్చుకోదు. ఎక్సెల్ పేరు మార్చినా, ఫోల్డర్ జరిపినా, ఇక్కడ ఎఫ్ డ్రైవ్ అయిన పెన్‌డ్రైవ్ పక్క కంప్యూటర్‌లో జి అయినా దానికి దారి తప్పొచ్చు. ఇక వర్డ్ ఫైలొక్కటే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చే మహానుభావుల ముచ్చట చెప్పనక్కర్లేదు.

ఫైలు తెరవగానే ఎస్‌క్యూఎల్ కమాండ్, అంటే జాబితాను తెచ్చుకునే ఆజ్ఞ, నడపాలా అని అడుగుతుంది. ఆ మూడక్షరాలకు జడిసి 'నో' నొక్కుతారు. పత్రానికీ జాబితాకూ అక్కడే విడాకులు. నొక్కాల్సింది 'యెస్'. ఎక్సెల్ దొరకలేదంటే 'ఫైండ్ డేటా సోర్స్' నొక్కి ఫైలు చూపించాలి. విడాకులు అయిపోయాయా? వర్డ్‌లో పైనున్న మెయిలింగ్స్, అందులో సెలెక్ట్ రిసిపియెంట్స్, యూజ్ యాన్ ఎగ్జిస్టింగ్ లిస్ట్ వరుసగా నొక్కాలి. సరైన షీటు ఎంచుకొని, మొదటి వరుసలో హెడ్డింగులున్నాయన్న టిక్కు ఉంచి, ప్రివ్యూ రిజల్ట్స్‌లో నాలుగు పేర్లు తిప్పి చూసి, అప్పుడు సేవ్. హెడ్డింగులో ఒక్క అక్షరం మార్చినా ఆ ఖానా మళ్లీ దొరకదు.

రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాలు చేయక, ఆ కాగితం పట్టుకొని తండా నుంచి కూలి పోగొట్టుకొని వచ్చిన అవ్వకు "సిస్టంల నీ పేరు లేదు, సోమవారం రా" అంటారు. సిగ్గుండాలి. ఆమె పేరు ఎక్సెల్‌లో ఉంది, కట్టిన రశీదు నంబరుతో సహా ఉంది. ఆ ఫైలు తెరవనిది మీరు. బస్సు కిరాయి పెట్టింది ఆమె.

జాబితా కలిసింది కదా అని మురిసిపోకండి, తేదీ చూడండి. గడువు అక్టోబర్ 5 అయితే వర్డ్ అమెరికా పద్ధతిలో నెల ముందు పెట్టి 10/5 అని అచ్చేస్తుంది. మనోళ్లు దాన్ని మే 10 అని చదువుతారు. ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే ఖానాల కోడ్ కనిపిస్తుంది; అందులో తేదీ ఖానా పేరు తర్వాత వెనక్కి వాలిన గీత, ఎట్ గుర్తు పెట్టి, కోట్స్‌లో డిడి/ఎంఎం/వైవైవైవై రాయాలి, ఇట్లా: \@ "dd/MM/yyyy". ఎంఎం పెద్దక్షరాల్లోనే ఉండాలి, చిన్నవైతే నెలకు బదులు నిమిషాలు వస్తాయి. ఇదీ చేయకపోతే నోటీసు అందేసరికే «నేమ్» గారికి ఐదు నెలల జరిమానా.