మామిడి పూత నల్లబడిందా? చలిని తిట్టకండి

చలి మొదలైతే చాలు, హైదరాబాద్ కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే సందేశం తిరుగుతుంది: "చలికి మామిడి పూత మాడిపోతోంది. చలిని తట్టుకునే హిమాచల్ ఆపిల్ నాటుకోండి. మామిడికైతే రోజూ పొగ వేసి, మొదలు నిండా నీళ్లు పెట్టండి." ఇది నమ్మి మా వీధిలో ఇద్దరు కాపు పోగొట్టుకున్నారు. అందుకే రాస్తున్నాను.

చలికి పూత మాడుతుందట. అసలు మామిడికి పూత తెచ్చేదే చలి. రాత్రి ఉష్ణోగ్రత కొన్నాళ్లపాటు 15 డిగ్రీల దరిదాపులకు దిగితే కొమ్మ చివరి మొగ్గ చిగురుగా కాక పూతగా విచ్చుకుంటుంది. ఆ పూత చావాలంటే 4 డిగ్రీల చలి కొన్ని గంటలు నిలవాలి. బేగంపేటలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. పది డిగ్రీల లోపు రాత్రుల్లో పుప్పొడి బలహీనపడి పిందెలు తగ్గే మాట నిజమే. కానీ పూత నల్లబడదు.

మరి ఆ నలుపు ఎక్కడిది? పూగుత్తిని చేత్తో పట్టి చూడండి. వేళ్లకు జిగురు అంటుతుంది. కొమ్మ కదిపితే గోధుమగింజ కన్నా చిన్న పురుగులు చిటపటమంటూ ఆకుల మీదికి ఎగురుతాయి. అవి తేనెమంచు పురుగులు. అవి విడిచే తీపి జిగురు మీద పెరిగిన బూజే ఆ మసి. పేరులో మంచు ఉందని నింద చలిమంచు మీద పడింది కాబోలు! జిగురు లేక తెల్లని పొడి ఉంటే అది బూడిద తెగులు. చల్లని, తేమ రాత్రుల్లో అది పెరుగుతుంది. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లితే అదుపులోకి వస్తుంది.

ఇక ఆపిల్. చలిని తట్టుకోవడం వేరు, చలి అవసరం కావడం వేరు. నిద్రలో ఉన్న ఆపిల్ మొగ్గ సున్నాకు పది డిగ్రీల కిందికి దిగినా బతుకుతుంది. అదే పువ్వు విచ్చాక సున్నాకు 4 డిగ్రీలు దిగితే పదింట తొమ్మిది చస్తాయి. కోసి చూస్తే నడిమి అండాశయం నల్లగా ఉంటుంది. అది సిమ్లా రైతు బాధ. మనకున్న చిక్కు వేరు: మామూలు ఆపిల్ రకాలు నిద్ర లేవాలంటే 7 డిగ్రీల లోపు చలి సుమారు వెయ్యి గంటలు కావాలి. ఇక్కడ అది ఎక్కడ దొరుకుతుంది? హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తీసిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 అనే ఆపిల్ రకం విలువ కూడా చలి తక్కువైనా పూయడంలోనే ఉంది.

పొగ వేస్తే పరాగాన్ని మోసే ఈగలు, తేనెటీగలు పారిపోతాయి. పూతకు ముందు నీళ్లు పెడితే కొమ్మ చిగురు తొడుగుతుంది. మీ బంగినపల్లికి పిందె బఠాణీ గింజంత అయ్యాకే నీళ్లు మొదలుపెట్టండి.